ఐస్‌డ్ మామిడి మాచా లాటే: ఎక్కడ తేడా కొట్టింది, ఎలా సరిచేయాలి

మొన్న మే నెలలో మా చెల్లి బెంగళూరు నుంచి ఒక ఫొటో పంపింది. పొడవాటి గాజు గ్లాసు. అడుగున మామిడి గుజ్జు, మధ్యలో తెల్లటి పలుకులు తేలుతున్న పాలు, పైన ముదురు ఆకుపచ్చ ఉండలు. "అక్కా, మాచా పాడైపోయిందంటావా? అంత డబ్బు పెట్టి కొన్నాను" అని అడిగింది. మాచా అంటే జపాన్ గ్రీన్ టీ ఆకుల మెత్తటి పొడి, దాన్ని పాలతో కలిపితే మాచా లాటే. చెల్లి కొన్న మాచా బాగానే ఉంది. ఆ ఒక్క గ్లాసులో మూడు తప్పులున్నాయి, మూడింటికీ కారణాలు వేరు. ఫోన్‌లో అరగంట మాట్లాడుకుని ఒక్కొక్కటీ సరిచేశాం. తర్వాత ఇంకొందరు ఇవే ప్రశ్నలు అడిగారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక మాట. పండు అడుగున, పాలు మధ్యలో, మాచా పైన పెట్టేది ఫొటో కోసమే అనుకుంటారు చాలామంది. ఆ వరసకు వేరే పని ఉంది. పండులో పులుపు ఉంటుంది. ఆ పులుపు నేరుగా తగిలితే మాచా పచ్చదనం పోతుంది, రుచి మొరటవుతుంది. మధ్యలో చల్లటి పాలు గోడలా నిలబడాలి. తాగే ముందు ఎలాగూ కలుపుతాం కదా అంటారేమో. నిజమే, కానీ అప్పటికి పులుపు ముందు పాలతో కలిసి పలచబడుతుంది, ఆ తర్వాతే మాచాకు తగులుతుంది. సగం సమస్యలు ఈ గోడ సరిగ్గా నిలవకే వస్తాయి. మిగతా సగం పొడిని నీళ్లలో కలిపే ఆ ఒక్క నిమిషంలో వస్తాయి.

నేను వాడే కొలత ఇది. ఒక పెద్ద గ్లాసుకు మాచా 2 గ్రాములు, అంటే తలకొట్టిన టీస్పూను ఒకటి. కలపడానికి వేడి నీళ్లు 50 మి.లీ., మామిడి గుజ్జు మూడు పెద్ద చెంచాలు, బాగా చల్లబరిచిన పాలు 150 మి.లీ., ఐసు ముక్కలు ఆరేడు. ఇక గ్లాసులో కనిపించే లక్షణాన్ని బట్టి చూద్దాం.

పొడి ఉండలు కట్టింది

అందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. చల్లటి పాలలో పొడిని నేరుగా వేసి స్పూనుతో తిప్పితే ఎంతసేపు తిప్పినా కలవదు. మాచా పంచదారలా కరిగే వస్తువు కాదు. అది పూర్తి టీ ఆకును మెత్తగా విసిరిన పొడి. జపాన్‌లో రాతి తిరగలితో విసిరితే గంటకు 30, 40 గ్రాములకు మించి రాదు, అంత మెత్తగా ఉంటుంది. అంత మెత్తటి పొడి తడి తగలగానే పైపైన జిగురులా తయారవుతుంది, లోపలి పొడి పొడిగానే ఉండిపోతుంది. శనగపిండిలో ఒక్కసారిగా నీళ్లు కుమ్మరిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

పరిష్కారం కూడా శనగపిండి దగ్గర మనం చేసేదే. ముందు పొడిని టీ వడకట్టే సన్న జాలిలో వేసి, స్పూను వెనక వైపుతో రుద్దుతూ గిన్నెలోకి జల్లించండి. ఈ పని మాత్రం మానొద్దు, అర నిమిషం పట్టదు. తర్వాత ఒకే ఒక్క చెంచా మామూలు నీళ్లు పోసి పేస్టులా నూరండి. పేస్టు మెరుస్తూ, గీత గీస్తే నిలబడేలా ఉండాలి. అప్పుడు వేడి నీళ్లు పోసి గిలక్కొట్టండి.

దేనితో గిలక్కొట్టాలి? చాసెన్ అనే వెదురు విస్క్ ఉంటే మంచిదే. జపాన్‌లో నారా నగరం దగ్గరి తకయామాలో ఒక్కో వెదురు ముక్కను సన్నటి పుల్లలుగా చీల్చి వాటిని చేతితో తయారు చేస్తారు. అది కొంటేనే మాచా చేయాలని మాత్రం లేదు. పాలు నురగ కొట్టడానికి వాడే, బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్రాదర్ చక్కగా పనిచేస్తుంది. అదీ లేకపోతే మూత గట్టిగా పట్టే చిన్న గాజు సీసాలో పేస్టు, గోరువెచ్చటి నీళ్లు పోసి అర నిమిషం గట్టిగా ఊపండి. బాగా వేడి నీళ్లతో మాత్రం మూత పెట్టి ఊపొద్దు, ఆవిరికి మూత ఎగిరి చెయ్యి కాలుతుంది. మజ్జిగ చిలికే చిన్న కవ్వంతోనూ ప్రయత్నించాను. జల్లించిన పొడికైతే బాగానే వచ్చింది, జల్లించని పొడిలో ఉండలను అది విడగొట్టలేదు.

నురగ రావడం లేదని కొందరు బాధపడతారు. విస్క్‌ను గుండ్రంగా తిప్పితే నురగ రాదు. మణికట్టు వదులుగా పెట్టి ముందుకూ వెనక్కూ వేగంగా ఆడించాలి.

చేదుగా ఉంది, నాలుక పట్టేస్తోంది

చేదు వేరు, వగరు వేరు. ఏది ఎక్కువైందో ముందు తేల్చుకుంటే కారణం దొరుకుతుంది. తాగాక నాలుక పొడిబారి, పచ్చి అరటికాయ కొరికినట్టు పట్టేస్తే అది వగరు. మింగాక గొంతులో నిలబడేది చేదు.

రెండూ కలిసి ఎక్కువైతే మొదట అనుమానించాల్సింది నీళ్ల వేడిని. మనకు టీ అంటే తెర్లిన నీళ్లే అలవాటు. మాచాకు 70 నుంచి 80 డిగ్రీలు చాలు. సలసల కాగే నీళ్లు పోస్తే చేదునిచ్చే కెఫీన్, వగరునిచ్చే కేటచిన్లు ఒక్కసారిగా దిగి మొరటు రుచి వస్తుంది. థర్మామీటర్ అక్కర్లేదు. రెండు వంతుల మరిగిన నీళ్లలో ఒక వంతు మామూలు నీళ్లు కలపండి, సుమారు 75 డిగ్రీలకు వస్తుంది. కాఫీ చల్లార్చినట్టు గ్లాసులోంచి గ్లాసులోకి రెండుసార్లు మార్చినా సరిపోతుంది.

నీళ్ల వేడి సరిగ్గానే ఉన్నా వగరు పోవడం లేదంటే పొడినే చూడాలి. అసలు మాచా కోసం పెంచే తోటలకు ఆకు కోసే ముందు మూడు వారాలకు పైగా నీడ కప్పుతారు. ఎండ తగ్గితే ఆకులో పత్రహరితం పెరుగుతుంది, కమ్మదనం ఇచ్చే థియనిన్ నిలుస్తుంది, వగరునిచ్చే కేటచిన్లు తక్కువగా తయారవుతాయి. అలా పెంచిన ఆకును ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలూ కాడలూ తీసేసి విసురుతారు. జపాన్‌లో క్యోటో దగ్గరి ఉజి, ఐచి ప్రాంతంలోని నిషియో ఈ పనికి పేరున్న ఊళ్లు. నీడ పట్టని మామూలు గ్రీన్ టీ ఆకును పొడి చేసి అమ్మేదీ మార్కెట్లో ఉంది. అది తక్కువ ధరకు వస్తుంది, రంగు కాస్త పసుపుకు తిరిగి ఉంటుంది, వగరు ఎక్కువ. పాలూ మామిడీ ఎన్ని పోసినా ఆ వగరు పూర్తిగా దాగదు.

ప్యాకెట్ మీద 'సెరిమోనియల్ గ్రేడ్' (టీ వేడుకలకు తగిన మేలు రకం) అని రాసి ఉంటే నిశ్చింతగా కొనేస్తారు. ఆ మాటకు చట్టబద్ధమైన ప్రమాణం ఏదీ లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. దానికన్నా వెనక వైపు పదార్థాల జాబితా చదవండి. అందులో గ్రీన్ టీ ఒక్కటే ఉండాలి. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్యాకెట్‌లో మొదటి పదార్థం పంచదార, రెండోది పాలపొడి. మాచా మూడో స్థానంలో ఉంది. అలాంటి మిక్స్‌తో ఇక్కడి కొలతలు ఏవీ కుదరవు.

చేదు కొద్దిగానే ఉంటే చిటికెలో చిటికెడు ఉప్పు వేసి చూడండి. ఉప్పు రుచి తెలియకూడదు, అంత తక్కువ. అది చేదును అణుస్తుంది, పంచదార ఇంకో చెంచా పెంచే అవసరం తప్పుతుంది. వగరుకు మందు పాలే. పాలలోని ప్రొటీన్ కేటచిన్లను పట్టుకుంటుంది, మన టీలో పాలు పోయగానే వగరు తగ్గేది అందుకే. టోన్డ్ పాలతో వగరు పోకపోతే 6 శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ పాలకు మారండి.

నీళ్లు ఎలాంటివో కూడా చూసుకోవాలి. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువైతే టీ ఏదైనా మసకబారి, రుచి చప్పబడుతుంది. తాగడానికి వాడే ఆర్వో నీళ్లనే మాచాకూ వాడండి.

పాలు విరిగిపోయాయి

చెల్లి ఫొటోలోని తెల్లటి పలుకులు ఇవే. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పండును బట్టి జవాబు మారుతుంది.

పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది. పులుపు తగిలి అది 4.6కు చేరితే పాలలోని కేసిన్ ప్రొటీన్ విడిపోయి గడ్డకడుతుంది. పెరుగు తోడుకునేదీ, నిమ్మరసంతో పన్నీరు చేసేదీ ఈ సూత్రంతోనే. వేడి తోడైతే ఇంకా ముందే విరుగుతుంది. కాబట్టి పండు ఎంత పుల్లగా ఉంది, ఎంత పోశాం, గ్లాసు ఎంత చల్లగా ఉంది అన్న మూడింటి లెక్క ఇది.

బాగా పండిన బంగినపల్లితో ఇబ్బంది దాదాపు రాదు. పులుపు తక్కువ, పీచు లేదు, గుజ్జు చిక్కగా అడుగున కూర్చుంటుంది. చెల్లి వాడింది సగం పండిన కాయ, పైగా "ఫ్రెష్‌గా ఉంటుందని" నిమ్మరసం పిండింది. అక్కడే పాలు విరిగాయి. డబ్బాల్లో వచ్చే మామిడి గుజ్జు వాడేవాళ్లు లేబుల్ చూసుకోవాలి, నిలవ కోసం సిట్రిక్ యాసిడ్ కలిపినవి చాలా ఉంటాయి.

రసాలు రుచికి గొప్పవే కానీ రసం పలచన, పీచు ఎక్కువ. స్ట్రాకు పీచు అడ్డం పడుతోందంటే కారణం అదే. పెద్ద జాలిలో వడకట్టి, చిన్న మంట మీద పది నిమిషాలు చిక్కబరిచి, చల్లార్చి వాడండి.

స్ట్రాబెర్రీ బాగా పులుపు. చలికాలంలో మహాబలేశ్వరం నుంచీ, మన లంబసింగి నుంచీ వచ్చే తాజా పండ్లతో చాలామంది ఇదే లాటే చేస్తున్నారు. ఇక్కడ ఒక అపోహ ఉంది. పంచదార ఎక్కువ వేస్తే పాలు విరగవు అనుకుంటారు. పంచదార పులుపును మన నాలుకకు తెలియనివ్వదు, అంతే. పులుపు ఎంత ఉందో అంతే ఉంటుంది, పాలకు అది తగులుతూనే ఉంటుంది. పంచదార ఉపయోగపడేది వేరే విధంగా. 200 గ్రాముల ముక్కలకు 50 గ్రాముల పంచదార వేసి ఏడెనిమిది నిమిషాలు ఉడికిస్తే బరువైన పాకం వస్తుంది. అది గ్లాసు అడుగున కదలకుండా కూర్చుంటుంది, పాలతో కలిసే చోటు తగ్గుతుంది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లగా వాడండి, రెండు చెంచాలకు మించొద్దు. ఈ లాటే చేసిన వెంటనే తాగాలి. విరుగుతుందని వంట సోడా మాత్రం వేయకండి, స్ట్రాబెర్రీ ఎరుపు చచ్చి మసక నీలానికి తిరుగుతుంది.

అనాసపండుది ఇంకో కథ. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పాల ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుంది. పాలు విరిగినట్టు కనిపించకపోయినా కాసేపటికి చేదెక్కుతాయి. ఆ చేదును మాచా మీద వేసి మంచి పొడిని పారేసినవాళ్లున్నారు. కివీలోనూ ఇలాంటి ఎంజైమే ఉంటుంది. ముక్కలను మరిగాక ఐదు నిమిషాలు ఉడికిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, ఆ తర్వాత భయం లేదు.

బత్తాయి, నారింజ, పాషన్ ఫ్రూట్ వాడాలనిపిస్తే ఆవు, గేదె పాలు వద్దు, చిక్కటి కొబ్బరి పాలు పోయండి. నేరేడు, దానిమ్మ నేను వాడను. పులుపు సంగతి అలా ఉంచితే వాటికే వగరు ఉంది, మాచా వగరు తోడైతే నోరు పట్టేస్తుంది.

పులుపు గొడవే లేని పండ్లు మనకున్నాయి. సపోటా, సీతాఫలం. సెప్టెంబర్ నుంచి బాలానగర్ సీతాఫలాలు బజారుకు వస్తాయి. గింజలు తీసి, గుజ్జును ఫోర్క్‌తో మెదిపి అడుగున వేసి చూడండి. మాచాకు మామిడి కన్నా సీతాఫలమే బాగా నప్పుతుందని నా అభిప్రాయం. పండు సువాసన మెత్తగా ఉంటుంది కాబట్టి టీ రుచి పైకి వస్తుంది.

కొత్త పండు ఏది వాడినా గ్లాసు నింపే ముందు చిన్న గిన్నెలో ఒక చెంచా గుజ్జు, రెండు చెంచాల చల్లటి పాలు కలిపి ఐదు నిమిషాలు ఆగండి. గిన్నెను వంచి చూస్తే అంచున పాలు నున్నగా జారాలి. ఇసుక రేణువుల్లా అంటుకుంటే ఆ పండుకు ఆ పాలు కుదరవు.

విరిగినదాన్ని వెనక్కి తేలేం. కానీ పాలు తాజావైతే అది చెడిపోయినట్టు కాదు, మిక్సీలో ఐసుతో ఒక్కసారి తిప్పితే లస్సీలా తాగొచ్చు. ఒక్క జాగ్రత్త: పలుకులన్నీ పులుపు వల్ల వచ్చినవే కాకపోవచ్చు. కాచి చల్లార్చిన పాలను వడకట్టకుండా పోస్తే మీగడ ముక్కలు అచ్చం అలాగే తేలతాయి. వేళ్ల మధ్య నలిపితే మీగడ జిడ్డుగా జారుతుంది.

రంగు బురదలా మారింది

గోంగూర ఉడికించేటప్పుడు చూసే ఉంటారు. పొయ్యి మీద పెట్టేదాకా నిగనిగలాడే ఆకు కాసేపట్లో గోధుమ రంగులోకి మారిపోతుంది. పాలకూర అంత త్వరగా మారదు. తేడా పులుపుది. పత్రహరితం మధ్యలో మెగ్నీషియం ఉంటుంది, పులుపు దాన్ని బయటికి తోసేస్తుంది, పచ్చదనం పోయి ఆలివ్ గోధుమ రంగు వస్తుంది. వేడి ఉంటే ఇంకా తొందరగా జరుగుతుంది. వేడి మాచాను పుల్లటి గుజ్జు మీద నేరుగా పోస్తే గ్లాసులో గోంగూరే అవుతుంది. ముందు చెప్పిన పాల గోడ ఇందుకే.

స్ట్రాబెర్రీతో ఇంకో చిక్కు ఉంది. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే గోధుమ రంగే, మీరు ఏం చేసినా మారదు. పొరలుగా ఉన్నప్పుడే చూసి, స్ట్రాతో అడుగు నుంచి కొద్దికొద్దిగా కలుపుకుంటూ తాగడమే మార్గం. మామిడి పసుపుకు ఆ బాధ లేదు, పూర్తిగా కలిపినా లేత చిలకపచ్చ వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు నేను మామిడే చెప్పడానికి అదొక కారణం.

నీళ్లలో కలిపినప్పుడే రంగు మసకగా ఉంటే పండు తప్పు కాదు, పొడి పాతబడింది. తెల్ల కాగితం మీద చిటికెడు పొడి పెట్టి వేలితో ఒక్క గీత లాగండి. గీత కొత్త గడ్డి రంగులో కనిపించాలి. పసుపుకో, ఎండిన కరివేపాకు రంగుకో తిరిగి ఉంటే దాన్ని కేకుల్లోకి వాడుకోండి.

గాలి, వెలుతురు, వేడి, తేమ నాలుగూ మాచాకు శత్రువులే. కోస్తా ఊళ్లలో తేమతోనే ఎక్కువ పాడవుతుంది. పెద్ద ప్యాకెట్ చవకని కొనకుండా 30 గ్రాముల డబ్బా తీసుకోండి, తెరిచాక ఒకటి రెండు నెలల్లో వాడేయండి. ఫ్రిజ్‌లో పెట్టడం మంచిదే, కానీ డబ్బా బయటికి తీయగానే మూత తెరవొద్దు. చల్లటి పొడి మీద గాలిలోని తేమ చెమటలా పట్టి, రెండు రోజుల్లో ఉండలు కడుతుంది. వాడే ముందు డబ్బాను అలాగే అరగంట బయట ఉంచండి.

సగం తాగేసరికి నీళ్లలా అయింది

ఐసు ఎక్కువైందని ఐసు తగ్గిస్తారు. దానితో ఇంకా తొందరగా కరుగుతుంది. అసలు కారణం వేడి మాచా. 75 డిగ్రీల వేడిలో ఉన్న 50 మి.లీ. మాచా పూర్తిగా చల్లబడాలంటే దాదాపు 50 గ్రాముల ఐసు కరగాలి. అంటే మీరు పోసిన నీళ్లు రెట్టింపు అయినట్టే. కలిపిన మాచాను పది నిమిషాలు పక్కన పెట్టి గోరువెచ్చగా అయ్యాక పోస్తే కరిగే ఐసు సగానికి తగ్గుతుంది. పాలు, గుజ్జు కూడా ఫ్రిజ్‌లోంచే రావాలి, గ్లాసును ఐసుతో పైదాకా నింపాలి.

మామిడి గుజ్జునే ఐసు ట్రేలో గడ్డకట్టించి వాడితే ఇంకా బాగుంటుంది. కరిగేకొద్దీ నీళ్లకు బదులు మామిడి దిగుతుంది. ట్రేకు మూత పెట్టండి, లేదంటే ఫ్రిజ్‌లోని ఉల్లిపాయ వాసన పట్టేస్తుంది.

పొరలు కలిసిపోతున్నాయి

బరువైనది అడుగున ఉంటుంది, అంతే సూత్రం. గుజ్జు పలచగా ఉంటే రెండు చెంచాల పంచదార కలపండి. మాచాలో తీపి వేయకండి, తీపి కలిస్తే అది బరువెక్కి పాలలోకి దిగిపోతుంది. గుజ్జు తర్వాత ఐసు, ఆ తర్వాత పాలు, చివర మాచా. పాలూ మాచా రెండూ ఐసు ముక్క మీద పడేలా సన్నటి ధారగా పోయాలి.

తాగేటప్పుడు అడుగున ఆకుపచ్చ మడ్డి మిగలడం మాత్రం లోపం కాదు. మాచా కరగదు కాబట్టి కొంతసేపటికి దిగుతుంది, మధ్యమధ్య కలుపుకోండి.

మామిడి తప్ప మాచా రుచే తెలియకపోతే పాలు 120 మి.లీ.కి, గుజ్జు రెండు చెంచాలకు తగ్గించండి. అప్పటికీ తెలియకపోతే మాచాను 3 గ్రాములు చేయండి.

తాగిన రోజు నిద్ర పట్టడం లేదు

2 గ్రాముల మాచాలో పొడిని బట్టి సుమారు 40 నుంచి 90 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. చల్లగా, తియ్యగా ఉంటుంది కాబట్టి జ్యూస్ అనుకుని రాత్రి భోజనమయ్యాక తాగేస్తారు. సాయంత్రం నాలుగు లోపే తాగండి. రక్తహీనత ఉన్నవాళ్లు అన్నం తిన్న వెంటనే తాగకుండా గంటైనా ఎడం ఇవ్వాలి, టీలాగే ఇదీ ఆహారంలోని ఐరన్‌ను ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. పిల్లలు అడిగితే అదే గ్లాసులో గుజ్జు, ఐసు, పాలు పోసి, మాచా లేకుండా ఇచ్చేయండి.